రంగుల కలయిక – శిశువిద్యలో చేతిపని: ‘పచ్చ’ పదం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

చిన్నపిల్లలకు రంగుల కలయికను చేతిపని ద్వారా పరిచయం చేయడం శిశువిద్యలో స్థిరపడిన పద్ధతి. ఈ పాఠానికి బొమ్మల పుస్తకాలు తోడుగా నిలిచాయి. అయితే తెలుగు తరగతి గదికి చేరేసరికి ఇది ‘నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ’ అనే కంఠస్థ సూత్రంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. తెలుగులో ‘పచ్చ’ అనే మాట పసుపు, ఆకుపచ్చ వర్ణాలు రెండింటినీ సూచిస్తుంది. ‘కలవడం’ అనే క్రియ పరిచయాన్నీ మిశ్రమాన్నీ ఒకేసారి చెబుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపు రావడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా తెలిసిన విషయం. ఈ మూడింటినీ పట్టించుకోని రంగుల పాఠం పిల్లల భాషనూ అనుభవాన్నీ తప్పుగా లెక్కగడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకోసం లియో లియొన్ని, ఎలెన్ స్టోల్ వాల్ష్, ఎర్వే తుల్లే రచించిన మూడు బొమ్మల పుస్తకాలను, తెలుగు వర్ణపదాలను, తరగతి గదిలో చేయదగిన కొన్ని చేతిపనులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిశువిద్య, బాలసాహిత్యం, వర్ణపదాలు, చేతిపని, పచ్చ, బొమ్మల పుస్తకం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువుకు ఆటనూ, చేతితో చేసే పనినీ, ఇంటిభాషనూ పునాదులుగా గుర్తించింది. ఈ మూడూ ఒకచోట కలిసే పాఠాల్లో రంగుల కలయిక ముఖ్యమైనది. ఇందులో ఆట ఉంది, చేయి ఉంది, చేసినదానికి పేరు పెట్టవలసిన అవసరమూ ఉంది.

ఈ పాఠాన్ని చిత్రలేఖన ఉపాధ్యాయులకో, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకో వదిలివేయడం సాధారణంగా జరుగుతున్నది. కానీ రెండు రంగులు కలిసి మూడవది పుట్టినప్పుడు పిల్లవాడు మొదట అడిగే ప్రశ్న ‘ఇదేం రంగు?’ అనేదే. ఆ ప్రశ్నకు సమాధానం భాషలో ఉంటుంది. కనుక రంగుల పాఠం తెలుగు శాఖలు పట్టించుకోవలసిన విషయం కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. పసుపు రంగు అట్టను చూపినప్పుడు ఒక పిల్ల ‘పచ్చ’ అంటుంది. ఇంట్లో నాయనమ్మ ఆ రంగును అలాగే పిలుస్తుంది. పాఠ్యపుస్తకంలో ‘పచ్చ’ అంటే ఆకు రంగు కాబట్టి ఉపాధ్యాయుడు ఆ సమాధానాన్ని తప్పుగా పరిగణించే అవకాశం ఉంది. నిజానికి ఆ పిల్ల రంగును సరిగానే గుర్తించింది, తన భాషలో సరైన మాటే చెప్పింది. అక్కడ పొరపడేది పిల్ల కాదు, పాఠం. ఈ వ్యాసం ఆ పొరపాటు మూలాలను అన్వేషిస్తుంది.

2. రంగుల పాఠం – నేపథ్యం:

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో శిశుశిక్షణ సంస్థను ప్రారంభించాడు. ఆయన రూపొందించిన ఆటవస్తువుల్లో మొదటిది ఆరు రంగుల ఊలు బంతుల జత. ఎరుపు, పసుపు, నీలాలతో పాటు ఆకుపచ్చ, నారింజ, ఊదా కూడా అందులో ఉన్నాయి. మూలవర్ణాలుగా చెప్పేవీ, మిశ్రవర్ణాలుగా చెప్పేవీ పిల్లల చేతికి సమానంగా, సిద్ధంగా అందుతాయి. పిల్లలు వాటిని పోల్చి చూస్తారు గానీ ఒకదాని నుంచి మరొకటి పుట్టడాన్ని చూడరు.

మరియా మాంటిస్సోరి రంగుపలకలదీ ఇదే మార్గం. మొదటి పెట్టెలో ఎరుపు, పసుపు, నీలం జతలుగా ఉంటాయి. తరువాతి పెట్టెల్లో రంగుల సంఖ్య, ఛాయల సంఖ్య పెరుగుతాయి. జతకూర్చడం, ముదురు నుంచి లేతకు వరుసగా అమర్చడం ఇందులోని అభ్యాసం. మాంటిస్సోరి 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. దక్షిణ భారతంలో ఈ పద్ధతి వ్యాప్తికి ఆ శిక్షణ దోహదం చేసింది. చూపుకు పదును పెట్టడంలో ఈ పలకల విలువ తక్కువేమీ కాదు. అయితే గుర్తించడం ఒక శక్తి, పుట్టించడం మరొక శక్తి. కలయిక పాఠం రెండవదానికి చెందుతుంది.

ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన శాస్త్రాంశం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. రంగుపూతల కలయిక వేరు, వెలుగుల కలయిక వేరు. పసుపు పూత ప్రధానంగా నీలి వెలుగును పీల్చుకుంటుంది. నీలం పూత ఎరుపు, పసుపు ప్రాంతాల వెలుగును పీల్చుకుంటుంది. రెండూ కలిసినప్పుడు ఎక్కువగా మిగిలేది మధ్యలోని ఆకుపచ్చ వెలుగు. అంటే పూతలు కలపడం ఒక విధమైన తీసివేత. వెలుగులు కలపడం కూడిక. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపు కనిపిస్తుంది. సెల్‌ఫోన్ తెరమీద పసుపు పుట్టేది ఈ విధంగానే. కాబట్టి ‘నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ’ అనే వాక్యం సార్వత్రిక సత్యం కాదు. ఒక పదార్థంతో, ఒక పద్ధతిలో చేసిన పని ఫలితం మాత్రమే. ఈ సంగతిని అయిదేళ్ల పిల్లలకు చెప్పనవసరం లేదు. చెప్పే ఉపాధ్యాయునికి మాత్రం తెలిసి ఉండాలి.

3. మూడు బొమ్మల పుస్తకాలు – పరిశీలన:

రంగుల కలయికను కథగా మలచిన పుస్తకాల్లో మూడింటిని ఇక్కడ తీసుకుంటున్నాను. ఇవి తెలుగు పుస్తకాలు కావు. అయినా చేతిపనికీ కథకూ ఉన్న సంబంధాన్ని మూడు భిన్న దృక్కోణాల నుంచి చూపిస్తాయి.

3.1 లియో లియొన్ని – లిటిల్ బ్లూ అండ్ లిటిల్ ఎల్లో (1959):

ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి అమెరికాలో పత్రికల కళాదర్శకుడిగా పనిచేసిన లియొన్ని (1910–1999) పిల్లల కోసం రూపొందించిన తొలి పుస్తకం ఇది. రైలు ప్రయాణంలో మనవలను ఊరుకోబెట్టడానికి పత్రిక పుటలోని రంగుముక్కలు చింపి కథ అల్లడం దీనికి మూలం. అంటే ఈ పుస్తకమే ఒక చేతిపనిగా పుట్టింది. పాత్రలకు కళ్లు, ముక్కు, కాళ్లు, చేతులు లేవు. అవి చేత్తో చింపిన గుండ్రటి కాగితపు ముక్కలు.

నీలిరంగు చుక్కా, పసుపురంగు చుక్కా స్నేహితులు. వెతికి వెతికి ఒకరికొకరు కనిపించినప్పుడు కౌగిలించుకుని ఆకుపచ్చగా మారిపోతారు. ఇంటికి వెళితే తల్లిదండ్రులు గుర్తుపట్టరు. దుఃఖంతో ఏడ్చి, నీలి కన్నీళ్లుగా, పసుపు కన్నీళ్లుగా విడిపోయి తిరిగి తమ రూపాలు పొందుతారు. చివరికి పెద్దలు కూడా కౌగిలింతలో ఆకుపచ్చగా మారి, జరిగినదేమిటో గ్రహిస్తారు.

ఈ పుస్తకాన్ని జాతిభేదాలకు అతీతమైన స్నేహానికి ప్రతీకగా చదవడం పరిపాటి. రంగుల పాఠానికి ఉపకరణంగా వాడడమూ పరిపాటే. రెండు పఠనాలూ ఒక విషయాన్ని దాటవేస్తాయి. కథలో ఆకుపచ్చ తిరిగి నీలంగా, పసుపుగా విడిపోతుంది. రంగునీళ్ల గిన్నెలో అది జరగదు. పిల్లలు కథ విని, నీళ్లలో రంగులు కలిపి, ‘ఇప్పుడు మళ్లీ విడదీద్దాం’ అంటే ఉపాధ్యాయుడు ఏం చేయాలి? కథ అబద్ధమని చెప్పాలా? అవసరం లేదు. కథలోని కలయిక కాగితానిది, గిన్నెలోని కలయిక నీటిది. పదార్థం మారితే కలయిక స్వభావం మారుతుందన్నదే పిల్లలు అక్కడ నేర్చుకోగల పెద్ద పాఠం. లియొన్ని పుస్తకం సూత్రాన్ని అందించడం కంటే ఈ ప్రశ్నను పుట్టించడంలోనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

3.2 ఎలెన్ స్టోల్ వాల్ష్ – మౌస్ పెయింట్ (1989):

తెల్లకాగితం మీద మూడు తెల్ల ఎలుకలు. పిల్లికి అవి కనిపించవు. ఎరుపు, పసుపు, నీలం రంగుల జాడీల్లో మునిగి, నేల మీద మడుగులు చేసి, ఒకరి మడుగులో మరొకరు కాళ్లతో తొక్కుతూ నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులను పుట్టిస్తాయి. ఒంటిమీద రంగు ఎండి బిగుసుకుపోతే పిల్లి నీళ్లగిన్నెలో స్నానం చేస్తాయి. చివరకు కాగితానికి రంగులు వేసి, పిల్లి కంట పడకుండా ఉండేందుకు కొంత భాగాన్ని తెల్లగా వదులుతాయి.

ఇక్కడ కలయిక శరీరశ్రమ. రంగు చిందుతుంది, అంటుకుంటుంది, ఎండుతుంది, కడుక్కోవాలి. చేతిపనిలోని ఈ మురికిని, ఆలస్యాన్ని పుస్తకం దాచదు. తెలుపును వదిలివేయడం కూడా చిత్రకారుడు చేసే ఎంపికేనన్న సూచన ముగింపులో ఉంది. అయితే ఫలితాలన్నీ ముందే నిర్ణయమైనవి. మూడు జతలు, మూడు జవాబులు. బురదరంగు రావడం ఈ పుస్తకంలో జరగదు. తరగతి గదిలో మాత్రం అది తప్పక వస్తుంది.

3.3 ఎర్వే తుల్లే – మిక్స్ ఇట్ అప్ (2014):

ఫ్రెంచి రచయిత తుల్లే పుస్తకంలో పాఠకుడే పాత్ర. పుటమీది రంగుచుక్కను వేలితో తాకమనీ, రుద్దమనీ, పుస్తకాన్ని ఊపమనీ రచయిత ఆదేశిస్తాడు. పుట తిప్పితే ఆ పనికి తగిన ఫలితం అచ్చయి కనిపిస్తుంది. పిల్లల్లో ఇది కలిగించే ఉత్సాహం గొప్పది. చేయికీ రంగుకూ మధ్య సంబంధం ఉందన్న ఊహను బలంగా నాటుతుంది.

కానీ వేలికి రంగు అంటదు. గట్టిగా రుద్దినా, మెల్లగా రుద్దినా వచ్చేది ఒకటే ఆకుపచ్చ. పాళ్లు మార్చే స్వేచ్ఛ లేదు. ఈ పుస్తకం చేతిపనికి పిలుపు కాగలదు, ప్రత్యామ్నాయం కాలేదు. తెరమీది ఆటల ద్వారా రంగులు నేర్పే పద్ధతులకు కూడా ఈ విమర్శ వర్తిస్తుంది. పాఠం పూర్తి కావడానికి పదార్థం ఎదురుతిరగాలి. అనుకున్న రంగు రాకపోవాలి. అప్పుడే పిల్లవాడు పాళ్ల గురించి ఆలోచిస్తాడు.

4. తెలుగు వర్ణపదాలు – ‘పచ్చ’ విస్తృతి:

4.1 ఒక పదం, రెండు రంగులు:

తెలుగులో ‘పచ్చగడ్డి’ ఆకు రంగు. ‘పచ్చకామెర్లు’ పసుపు రంగు. ‘పచ్చగన్నేరు’ పూలు పసుపు. ‘పచ్చజొన్న’ గింజ పసుపు. చర్మం మీది ‘పచ్చబొట్టు’ నీలానికి దగ్గరైన ఆకుపచ్చ. నవరత్నాల్లో ‘పచ్చ’ మరకతం. కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెతలోని పచ్చ ఆకు రంగు కాదు. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువు కూడా ఈ మాటకు రెండు వర్ణార్థాలనూ ఇచ్చింది.

ఈ పదకుటుంబం ఇంకా పెద్దది. పసుపు, పసిడి, పసరు, పసరిక, పచ్చిక, పచ్చి, పసి అనే మాటలను ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు ఒకే మూలానికి చేర్చారు. లేతదనం, తడి, జీవం ఈ మాటలన్నిటిలోనూ ఉన్న సామాన్యభావం. పండని కాయ పచ్చిది, పుట్టిన బిడ్డ పసిది, నలిపిన ఆకు నుంచి కారేది పసరు. సంసారం పచ్చగా ఉండాలని దీవించినప్పుడు ఎవరూ వర్ణపటాన్ని ఉద్దేశించరు. తెలుగువారి ‘పచ్చ’ ఒక రంగు పేరు కావడానికి ముందు ఒక స్థితి పేరు.

రెండు రంగులను వేరుచేసి చెప్పవలసినప్పుడు తెలుగు ‘పసుపుపచ్చ’, ‘ఆకుపచ్చ’ అనే సమాసాలను వాడుతుంది. చిలకపచ్చ కూడా ఈ కోవలోదే. సమాసంలో రెండవ పదం స్థిరం, మొదటి పదం ఛాయను నిర్దేశిస్తుంది. ఇక్కడొక ముఖ్యమైన విషయం ఉంది. పసుపుపచ్చ రంగులో నీలం చుక్కలు చుక్కలుగా వేస్తూ పోతే వచ్చేది చిలకపచ్చ, ఆ తరువాత ఆకుపచ్చ. చేతిపనిలో జరిగే క్రమపరిణామాన్ని తెలుగు సమాసాలు దాదాపు యథాతథంగా అనుసరిస్తున్నాయి. ‘పచ్చ’ నిలిచి ఉంది, దాని విశేషణం మారుతోంది. ఆంగ్లంలోని రెండు వేరువేరు పేర్లు ఈ సంబంధాన్ని చూపలేవు.

4.2 మూలవర్ణపదాల సిద్ధాంతం – పరిమితి:

బ్రెంట్ బెర్లిన్, పాల్ కే 1969లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం భాషల్లో మూలవర్ణపదాలు ఒక క్రమంలో ఏర్పడతాయి. పూర్తిగా వికసించిన దశకు వారు పదకొండు పదాలను లెక్కించారు. మూలపదం సమాసం కాకూడదు, వస్తువు పేరు కాకూడదు అనేవి వారి కొలమానాల్లో కొన్ని. ఈ కొలమానంతో చూస్తే ‘ఆకుపచ్చ’ సమాసం, ‘పసుపు’ వంటింటి వస్తువు, ‘నారింజ’ పండు, ‘గోధుమరంగు’ ధాన్యం. తెలుగు వర్ణపదావళి అసంపూర్ణమనే భ్రమ కలగవచ్చు.

వస్తుమూలకమైన రంగుల పేర్లు లోపం కాదు, అనుభవానికి నిదర్శనం. కనకాంబరం రంగు, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మావిచిగురు రంగు, నెమలికంఠం రంగు అన్నప్పుడు పేరు, వస్తువు, ఛాయ మూడూ ఒకేసారి మనసుకు అందుతాయి. బట్టల దుకాణంలో చీర బేరమాడే స్త్రీల వాడుకలో ఇవి నేటికీ సజీవంగా ఉన్నాయి. శిశుతరగతిలో మాత్రం ఏడెనిమిది పేర్లకే పరిమితమయ్యాం. పిల్లలు కలిపి పుట్టించే రంగుల్లో ఎక్కువ భాగం ఆ ఏడెనిమిదిలో ఇమడవు. వాటికి పేర్లు పెట్టగల శక్తి తెలుగు వాడుకభాషలో ఉంది.

4.3 కలవడం – అనువాద సమస్య:

లియొన్ని కథను తెలుగులోకి తేవాలనుకునే అనువాదకుడికి రెండు చోట్ల ఆగవలసి వస్తుంది. మొదటిది పాత్ర పేరు. పసుపు చుక్కను ‘చిన్ని పచ్చ’ అని పిలిస్తే కథలోని సంక్షోభం బలహీనపడుతుంది. ఆకుపచ్చగా మారి వచ్చిన బిడ్డను చూసి ‘నువ్వు మా పచ్చవి కావు’ అని తల్లి అనలేదు. భాష ప్రకారం ఆ బిడ్డ ఇంకా పచ్చే. కథ నిలవాలంటే ‘చిన్ని పసుపు’ అనక తప్పదు. ఆంగ్లంలో లేని ఈ చిక్కు తెలుగులో ఒక అర్థవంతమైన అవకాశం కూడా. బిడ్డ మారినా బంధువేనని చెప్పగల మాట తెలుగు దగ్గర ముందే ఉంది.

రెండవది క్రియ. తెలుగులో స్నేహితులు కలుస్తారు, నదులు కలుస్తాయి, రంగులూ కలుస్తాయి. ఆంగ్ల కథ ఎదురుపడడాన్నీ, కౌగిలినీ, మిశ్రమాన్నీ వేరువేరు మాటలతో చెప్పవలసి వచ్చింది. తెలుగులో ‘కలిశారు’ అనే ఒక్క క్రియ ఈ మూడింటినీ మోయగలదు. కలవడం, కలపడం మధ్య ఉన్న భేదం కూడా బోధనకు పనికివస్తుంది. కాగితం మీద తడిరంగులు వాటంతటవే కలుస్తాయి. గిన్నెలో పిల్లవాడు వాటిని కలుపుతాడు. అకర్మక, సకర్మక క్రియల తేడాను వ్యాకరణ పరిభాష లేకుండా అనుభవంలోకి తేవడానికి ఇంతకంటే సులభమైన పాఠం ఉండదు.

5. చేతిపనులు – కలయికలోని భేదాలు:

‘రంగులు కలపడం’ అనే ఒకే పేరుతో పిలిచే చేతిపనులు నిజానికి ఒకటి కావు. పదార్థాన్నిబట్టి పిల్లలు గ్రహించే విషయం మారుతుంది.

అ) పారదర్శక కాగితం: నీలి, పసుపు రంగుల పలుచని గాజుకాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి కిటికీ వైపు పట్టుకుంటే ఆకుపచ్చ కనిపిస్తుంది. తీసివేస్తే రెండూ యథాతథంగా ఉంటాయి. ఇది విడదీయగల కలయిక. లియొన్ని కథ చెప్పిన తరువాత మొదట చేయించవలసింది ఇదే. మామూలు రంగుకాగితాలతో చేస్తే పైముక్క కిందిదాన్ని కప్పివేస్తుంది తప్ప కొత్త రంగు రాదు. ఆ తేడాను కూడా పిల్లలకు చూపించాలి.

ఆ) నీటిరంగులు: ఇక్కడ కలయిక తిరిగిరానిది. అయితే పాళ్లు పిల్లల చేతిలో ఉంటాయి. లేతరంగులో ముదురురంగును కొద్దికొద్దిగా వేయడం మంచి పద్ధతి. నీలంలో పసుపు వేస్తూ పోతే రంగంతా ఖర్చయినా ఆకుపచ్చ తేలికగా రాదు. పసుపులో నీలం చుక్క వేయగానే మార్పు కనిపిస్తుంది. ఎరుపు, నీలం కలిపితే పుస్తకాల్లోని మెరిసే ఊదాకు బదులు మసకబారిన రంగు రావడం మామూలే. సాధారణ ఎరుపు పూత నీలి వెలుగును కూడా పీల్చుకోవడం దీనికి కారణం. అచ్చుయంత్రాల్లో ఎరుపు స్థానంలో గులాబీ ఛాయ గల రంగును, నీలం స్థానంలో ఆకుపచ్చ ఛాయ గల నీలాన్ని వాడడం ఇందువల్లనే. ఈ కారణం తెలియని ఉపాధ్యాయుడు పిల్లల పనిని చెడిపోయినదిగా భావించే అవకాశం ఉంది.

ఇ) పిండిముద్ద: రంగు కలిపిన మైదాపిండి ముద్దలు రెండింటిని పిసికితే మొదట చారలు, తరువాత మచ్చలు, చివరకు ఒకే రంగు వస్తుంది. కలయికకు కాలం పడుతుందనీ, మధ్యదశలు ఉంటాయనీ చేయికి తెలుస్తుంది. చారల దశలోనే ఆపి బొమ్మ చేసుకునే పిల్లలూ ఉంటారు. ఏటికొప్పాక కళాకారులు వేడిచేసిన లక్కలో రంగు కలిపి, తిరిగే అంకుడు కర్ర బొమ్మకు ఆ లక్కను అద్దుతారు. పిసికి రంగు పట్టించే ఈ పనికీ ఆ వృత్తికీ ఉన్న పోలికను పిల్లలకు చూపవచ్చు.

ఈ) ముగ్గుపొడి: సంక్రాంతి ముగ్గుల్లో నింపే రంగుపొడులు రెండింటిని పొడిగా కలిపితే దూరం నుంచి ఒక కొత్త రంగు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే రెండు రంగుల రేణువులు వేరువేరుగా ఉంటాయి. ఇక్కడ కలుపుతున్నది చాలావరకు కన్నే. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు పెట్టి నేసిన పట్టుబట్టలోనూ ఇంతే. నెమలికంఠం రంగు చీర మడతను కదిపితే ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ పైకి తేలుతుంది. వాల్ష్, తుల్లే పుస్తకాల్లో ఈ రకం కలయికకు చోటు లేదు. తెలుగు వాకిట్లో, తెలుగు మగ్గం మీద అది నిత్యం ఉంది.

ఈ నాలుగింటినీ వరుసగా చేసిన పిల్లలకు ‘కలయిక’ అంటే ఒకే సంఘటన కాదని అర్థమవుతుంది. ఒక్క నీటిరంగులతోనే ఆపివేస్తే సూత్రం మాత్రమే మిగులుతుంది.

6. పసుపు–సున్నం: సూత్రానికి లొంగని అనుభవం:

పసుపులో తెలుపు కలిపితే లేతపసుపు రావాలని రంగుల చక్రం చెబుతుంది. కానీ పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు, కాళ్లకు పెట్టే పారాణి, వేడుకల్లో చల్లుకునే వసంతం ఈ మార్పు మీద ఆధారపడినవే. పిల్లలు రంగుల చక్రం చూడకముందే పెళ్లిళ్లలో, పేరంటాల్లో దీన్ని చూసి ఉంటారు.

ఇది రంగుల మిశ్రమం కాదు, రసాయనిక మార్పు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలినప్పుడు ఎరుపు ఛాయకు మారుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు వర్ణం వస్తుంది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏడవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠంలో పసుపు పూసిన కాగితం మీద సబ్బునీటితో పువ్వు గీసే కృత్యం చేరింది. సున్నం చర్మానికీ కళ్లకూ హానికరం కాబట్టి చిన్నపిల్లల చేత సబ్బునీటితోనే చేయించాలి.

విమర్శదృష్టితో చూస్తే ఇక్కడ గమనించవలసిన విషయం వేరే ఉంది. ‘పసుపు, తెలుపు కలిస్తే ఎరుపు’ అని ఒక పిల్లవాడు చెబితే సూత్రం తెలిసిన ఉపాధ్యాయుడు నవ్వవచ్చు. ఇంటి అనుభవం తెలిసిన ఉపాధ్యాయుడు ‘ఎక్కడ చూశావు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నతో పాఠం కొత్త దారి పడుతుంది. రంగు వేరు, రంగునిచ్చే పదార్థం వేరు అనే వివేకానికి అది తొలి మెట్టు.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఈ వివేకం వృత్తిలో భాగం. ఆకుపచ్చ కావలసినచోట వారు నీలం మీద పసుపు పూస్తారు. ఇది పూతల కలయిక. నలుపు మాత్రం అలా రాదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరబెట్టి తీసిన కసిమి, కరక్కాయ పట్టించిన బట్టను తాకినప్పుడు నలుపు తేలుతుంది. ఇది రసాయనిక సంయోగం. ఒకే బట్టమీద రెండు మార్గాలూ పక్కపక్కనే ఉన్నాయి. రంగుల పాఠానికి ఉదాహరణలు విదేశీ పుస్తకాల నుంచే తెచ్చుకోనవసరం లేదనడానికి కలంకారీ చాలినంత సాక్ష్యం.

7. తరగతి గది – కొన్ని విమర్శాంశాలు:

మొదటిది, చేతిపని ప్రదర్శనవస్తువుగా మారడం. గోడకు అంటించే ముప్పై బొమ్మలు ఒకేలా ఉంటే వాటిలో పిల్లల నిర్ణయం తక్కువని గ్రహించాలి. ఇంటికి పంపిన పనిని తల్లిదండ్రులు పూర్తిచేయడం కూడా ఈ ప్రదర్శనకాంక్ష ఫలితమే. రంగుల పాఠంలో దాచుకోవలసింది చివరి బొమ్మ కంటే, పిల్లలు పాళ్లు మారుస్తూ వేసిన చుక్కల వరుస.

రెండవది, పేరును ముందు చెప్పడం. ‘ఇప్పుడు ఆకుపచ్చ వస్తుంది చూడండి’ అన్నప్పుడు పిల్లలు రంగును చూడరు, ఉపాధ్యాయుని మాట నిజమైందో లేదో చూస్తారు. చేయడం ముందు, పేరు తరువాత. పేరు అడిగినప్పుడు ‘ఇది దేనిలా ఉంది?’ అని అడగడం మేలు. ‘పెసరపప్పులా ఉంది’, ‘చిలకలా ఉంది’ వంటి జవాబులు తెలుగు వర్ణపదాల నిర్మాణపద్ధతికే చెందుతాయి. తెలుగులో రంగుల పేర్లు ఎలా పుట్టాయో పిల్లలు అలాగే పుట్టిస్తున్నారన్నమాట.

మూడవది, తప్పొప్పుల నిర్ణయం. పసుపును ‘పచ్చ’ అన్న పిల్లకు ‘ఏ పచ్చ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?’ అనే ఎదురుప్రశ్న వేస్తే చాలు. ఇంటిమాట నిలుస్తుంది, బడిమాట చేరుతుంది. ఇక కొందరు పిల్లలకు, ముఖ్యంగా కొందరు మగపిల్లలకు, పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా స్పష్టంగా తెలియదు. రంగులు కలిపే పనిలో ఇది బయటపడవచ్చు. దాన్ని అశ్రద్ధగా భావించకుండా తల్లిదండ్రులకు తెలియజేయాలి.

నాలుగవది, బురదరంగు పట్ల వైముఖ్యం. అన్ని రంగులూ కలిపితే వచ్చే ఆ మట్టిరంగును పారబోయించడం సాధారణం. కానీ పాళ్లు అదుపు తప్పితే ఏమవుతుందో చూపేది అదే. చెట్టుమొదలు, కుండ, గేదె బొమ్మలకు అవసరమయ్యేదీ అదే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. రంగుల కలయిక పాఠం విజ్ఞాన, కళాబోధనలతో పాటు భాషాబోధనకూ చెందుతుంది. కొత్త రంగుకు పేరు పెట్టే క్షణంలో పిల్లల ఇంటిభాషకు చోటు దక్కాలి.

2. లియొన్ని పుస్తకం కాగితపు కలయికను, వాల్ష్ పుస్తకం తడిరంగుల కలయికను, తుల్లే పుస్తకం ఊహాత్మక కలయికను చూపుతాయి. వీటిని చేతిపనికి ముందో వెనుకో వాడాలే తప్ప, బదులుగా వాడకూడదు.

3. ‘పచ్చ’ అనే పదం రెండు రంగులను సూచించడం అస్పష్టత కాదు. పసుపుపచ్చ నుంచి ఆకుపచ్చ వరకు సాగే క్రమాన్ని అది భాషలో నిలుపుతోంది.

4. గాజుకాగితం, నీటిరంగు, పిండిముద్ద, ముగ్గుపొడి ఒకే పాఠానికి నాలుగు రూపాలు కావు, నాలుగు వేరువేరు పాఠాలు.

5. పసుపు–సున్నం, కలంకారీ వంటి స్థానిక అనుభవాలు సూత్రానికి మినహాయింపులుగా కాక, పాఠానికి ప్రారంభబిందువులుగా ఉండాలి.

తెలుగు వాచకాలలో, బాలల కథలలో వర్ణపదాల ప్రయోగంపై, ప్రాంతాలవారీగా ‘పచ్చ’ వాడుకలోని భేదాలపై విస్తృత పరిశోధనకు అవకాశం ఉంది. ఉపాధ్యాయశిక్షణ కళాశాలల్లోని తెలుగు అధ్యాపకులు తమ విద్యార్థులచేత ఇంటింటి రంగుల పేర్లను సేకరింపజేస్తే ఆ పనికి శ్రీకారం చుట్టినట్లవుతుంది. ఆ సేకరణ శిశుతరగతికి చేరిన రోజున, పసుపు అట్టను చూసి ‘పచ్చ’ అన్న పిల్లను ఎవరూ సరిదిద్దబోరు.